ఆకులో మొదటి వంతు

అన్నం తగ్గించమని చెప్పని డాక్టరు లేడు. చెప్పినట్టు తగ్గించినవాళ్ళు మాత్రం వీధికి ఇద్దరుంటే ఎక్కువ. పుత్తూరులో చూపించుకున్నా, చిత్తూరుకు పోయినా, తిరుపతి దాకా వెళ్ళినా చీటీలో మందుల కింద ఆఖరి మాట అదే. ఆ చీటీ జేబులో పెట్టుకుని కార్వేటినగరంలో బస్సు దిగేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. పరగడుపున ఒకసారి రక్తమిచ్చి, రెండిడ్లీలు తిని, మళ్ళీ రక్తమిచ్చి, వరుసలో కూర్చుని కూర్చుని వచ్చిన మనిషి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటే ముందుకొచ్చేది పొగలు కక్కే అన్నం, దాని మీదికి పప్పో పులుసో. ఆ నిమిషంలో నిగ్రహం గురించి ఎవరేం చెప్పినా చెవికెక్కదు. ఎక్కకపోవడంలో తప్పూ లేదు.

అందుకే ఈ అధ్యాయంలో అన్నం తగ్గించమని అడగను. సంగటి ముద్ద చిన్నది చేసుకోమనీ అనను. అన్నం వంతు కాస్త వెనక్కి జరపమంటాను, అంతే. మొదటి పది నిమిషాలు పచ్చి కూరగాయలకు ఇవ్వండి. ఆ తర్వాత అన్నం ఎప్పటి గరిటెతోనే వస్తుంది.

ఈ పనిని ఇంటింటా పద్ధతిగా చేసేవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. వాళ్ళ భోజనం ఒక్కసారిగా బల్ల మీదికి రాదు. ముందొక చిన్న పళ్ళెం వస్తుంది. అది ఖాళీ అయ్యాక అసలు వంటకం, దాని తర్వాత చీజు, ఆఖరున తీపో పండో. ఆ మొదటి పళ్ళెంలో తరచుగా ఉండేవి పచ్చి కూరగాయలు. వాటిని క్రూదితే అంటారు. క్యారెట్టు సన్నగా తురిమి నిమ్మరసం, నూనె, కొంచెం ఆవముద్ద కలుపుతారు. కీర చక్రాలు మీగడలో వేస్తారు. సెలరీ గడ్డను తురిమి ఆవఘాటు తగిలే మయొనేజ్ పట్టిస్తారు. ముల్లంగి అయితే మనం సాంబారులో వేసే పొడుగాటి తెల్లది కాదు, గోలీ అంత ఉండే ఎర్రది. దాన్ని తొడిమ పట్టుకుని కాస్త వెన్న రాసి, ఉప్పులో అద్ది, కరకరా కొరుకుతారు. దక్షిణాన ప్రొవాన్స్ వైపు పోతే బుట్టనిండా కూరగాయ ముక్కలు పెట్టి, మధ్యలో ఉప్పుచేప, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి నూరిన ముద్ద ఉంచుతారు. కూర్చున్నవాళ్ళంతా అందులో ముంచుకుని తింటారు.

ఇదంతా పెద్ద హోటళ్ళ సోకు అనుకోకండి. బడిపిల్లల భోజనానికి ఫ్రెంచి ప్రభుత్వం 2011లో పెట్టిన నియమాల్లో వరుసగా 20 పూటలు లెక్కవేస్తే కనీసం 10 పూటలు పచ్చి కూరగాయలో పచ్చి పండ్లో ఉండాలన్నది ఒకటి. అంటే అయిదారేళ్ళ పిల్లవాడు కూడా మాంసం వంటకం మొహం చూడకముందే క్యారెట్టు తురుము తిని కూర్చుంటాడు. ఆకలిగా ఉన్నాడు కాబట్టి తింటాడు. అదే తురుమును భోజనం మధ్యలో పెట్టి చూడండి, పళ్ళెం అంచుకు తోసేస్తాడు. 2010లో ఫ్రెంచివాళ్ళ విందు భోజనాన్ని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వంటకాల రుచితో పాటు ఈ వరుస కూడా అందులో భాగంగానే లెక్కకొచ్చింది.

వాళ్ళ చీజు, వాళ్ళ వైను మనకెందుకు? ఆ మొదటి పళ్ళెం దగ్గర ఒక్క కిటుకు మాత్రం పట్టుకోవాల్సింది ఉంది. పచ్చి కూర బల్ల మీదికి వచ్చినప్పుడు పక్కన దానికి పోటీ ఇంకేమీ ఉండదు. వేడివేడి అన్నం, నెయ్యి, అప్పళం పక్కనుంటే ఏ కీరముక్కా గెలవదు.

ఫ్రెంచివాళ్ళు మన యానాంలో 1954 దాకా పాలించారు. అయినా పచ్చి కూర తినడం మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన సంగతేమీ కాదు. మా ఇలాకాలో ఏ పెళ్ళి పంక్తిలో కూర్చున్నా తెలుస్తుంది. ఆకు మీద నీళ్ళు చల్లి తుడుచుకోగానే ఒకడు ఉప్పు పెడుతూ పోతాడు, వెనకే ఊరగాయ వస్తుంది, ఆ వెనక చిన్న స్టీలు బకెట్టులో కోసంబరి. నానిన పెసరపప్పు, సన్నగా తరిగిన కీర, టెంకాయ తురుము, ఆవాలు చిటపటలాడించిన పోపు, పైన నిమ్మరసం. ఎంత వడ్డిస్తాడు? చెంచాడు. దాని వెనకే తీపి, వడ, పొరియల్ పరుగెత్తుకొస్తాయి. అన్నం గంప మన వరుసకు వచ్చేలోగా ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ చెయ్యి ఖాళీగా ఉండదు, తీపి సగం అయిపోతుంది, వడ తుంచడం మొదలవుతుంది. కోసంబరి మాత్రం ఆకు మూలన నీరు కారుతూ ఉంటుంది. రెండోసారి కోసంబరి కావాలని ఎవరైనా అడిగితే వడ్డించే కుర్రాడు వినబడనట్టు ముందుకు పోతాడు. నిజానికి వాడి దగ్గర అంత ఉండదు కూడా.

శ్రీరామనవమి నాడు పానకంతో పాటు ఇచ్చే వడపప్పూ ఇదే కుటుంబం. దొన్నెలో పట్టుకుని నిలబడి తింటాం, ప్రసాదమన్న భక్తితో తింటాం, మళ్ళీ ఏడాది దాకా మరిచిపోతాం. రాగి సంగటి పక్కన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ లేకపోతే ముద్ద దిగనివాళ్ళు ఇంటికొకరుంటారు. పొద్దున సద్ది తాగేవాళ్ళకూ అంతే. మార్చి, ఏప్రిల్‌లలో చుట్టూ ఉన్న మామిడి తోపుల్లో కాయ కనబడితే చాలు, ఉప్పూకారం పొట్లం జేబులోంచి బయటికొస్తుంది. పచ్చిది మన నోటికి కొత్తేమీ కాదు. దాన్ని నంజుకునే స్థానంలోనే ఉంచేశాం, ముందుకు రానివ్వలేదు.

ముందుకు తెస్తే ఏమవుతుందో కొలిచి చూసినవాళ్ళున్నారు. న్యూయార్కులోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలవాళ్ళు 2015లో షుగరు ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రకాలుగా పెట్టారు. ఒకసారి రొట్టె, పండ్లరసం ముందు, కోడిమాంసం, కూరగాయలు 15 నిమిషాల తర్వాత. ఇంకోసారి తిరగేసి, కూరగాయలు, మాంసం ముందు, రొట్టె ఆఖరున. తిండి అదే, తూకం అదే. కూరగాయలు, మాంసం ముందు తిన్నప్పుడు రక్తంలో చక్కెర అరగంటకు సుమారు 29 శాతం, గంటకు 37 శాతం, రెండు గంటలకు 17 శాతం తక్కువగా కనిపించింది. 11 మంది అంటే చిన్న పరీక్షే. పైగా అందులో మాంసం కూడా ముందే తిన్నారు కాబట్టి పుణ్యమంతా కూరగాయలదే అనలేం. అయినా ఏమీ మానకుండా, ఏమీ తగ్గించకుండా వరుస మార్చినందుకే అంత తేడా రావడం తోసేయాల్సిన సంగతి కాదు.

దీనికి కారణం పెద్ద రహస్యమేం కాదు. పీచున్న తిండి ముందు కడుపులోకి చేరితే దాని వెనక వచ్చిన అన్నం నిదానంగా కిందికి దిగుతుంది, చక్కెర రక్తంలోకి ఒక్క ఉదుటున దూకదు. ఇక నమలడం ఒకటి. పప్పన్నం గిన్నెడు అయిదు నిమిషాల్లో లోపలికి పోతుంది, క్యారెట్టు గిన్నెడు పోదు. కడుపు నిండిందన్న కబురు బుర్రకు అందడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇప్పటిదాకా అన్నానికి పోతోంది, ఇకమీదట క్యారెట్టుకు పోతుంది.

ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఉంటే మీరే తేల్చుకోండి. ఒకరోజు ఎప్పటిలాగే తిని రెండు గంటలకు చూడండి. ఇంకోరోజు అదే కూర, అదే కొలత అన్నం, ముందు మాత్రం గిన్నెడు పచ్చి ముక్కలు తిని రెండు గంటలకు చూడండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, మాత్రలు ఎక్కువ మోతాదులో మింగేవాళ్ళు ఈ అలవాటు మొదలుపెట్టే ముందు డాక్టరు చెవిన ఒక మాట వేయడం మంచిది. అన్నం తనంతట తానే తగ్గి మందు అంతే ఉంటే చక్కెర మరీ పడిపోయే వీలుంది.

తూకం కోసం తినేవాళ్ళు ఇంకో పరీక్ష గురించి తెలుసుకోవాలి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం 2004లో 42 మంది ఆడవాళ్ళకు భోజనానికి ముందు సలాడ్ పెట్టి చూసింది. నూనె, చీజు తక్కువగా ఉన్న పెద్ద గిన్నెడు సలాడ్ తిన్నరోజు మొత్తం భోజనంలో కేలరీలు 12 శాతం తగ్గాయి. అదే గిన్నెలో చీజు, చిక్కటి డ్రెస్సింగు దట్టించినరోజు 17 శాతం పెరిగాయి! గిన్నెలో కూరగాయలున్నాయన్న ధీమాతో మయొనేజ్ కుమ్మరించుకునేవాళ్ళు ఈ రెండో అంకెను మరిచిపోకూడదు. అట్లాగని నూనె బొట్టు కూడా వద్దనుకునే పిసినారితనమూ పనికిరాదు. క్యారెట్టు, టమాటా, ఆకుకూరల్లోని రంగు పోషకాలు ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలని అదే సంవత్సరం అయోవాలో జరిగిన మరో పరీక్షలో తేలింది. కొవ్వు బొత్తిగా లేని సలాడ్ తిన్నవాళ్ళకు అవి దాదాపు అందలేదు. కోసంబరిలో చెంచాడు శెనక్కాయ నూనెతో పోపు పెట్టిన మన అమ్మమ్మలకు అయోవా ఎక్కడుందో తెలియదు, పోపు మాత్రం సరిగ్గా పెట్టారు.

పచ్చిదే గొప్పది, వండితే సత్తువంతా పోతుంది అని చెప్పేవాళ్ళను నమ్మకండి. నిమ్మ, మామిడికాయ, క్యాప్సికంలలోని సి విటమిన్ వేడికి తగ్గే మాట నిజం. టమాటాలోని ఎర్రరంగు పదార్థం మాత్రం ఉడికిస్తేనే బాగా అందుతుంది. క్యారెట్టుదీ అదే దారి. పప్పులో వేసిన ఆకుకూర, పులుసులో ముల్లంగి మానాల్సిన పనిలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాల ప్రకారం రోజుకు కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు అన్నీ కలిపి 500 గ్రాములు లోపలికి పోవాలి, అంటే పళ్ళెంలో సగం. వండిన కూర ఒక్కదానితో అంత తినడం మనవల్ల కాదు, ఎందుకంటే మనం కూరను అన్నం కలుపుకోవడానికి సరిపడా మాత్రమే వేసుకుంటాం. కూర పెంచితే అన్నమూ పెరుగుతుంది. పచ్చి గిన్నె ఒక్కటే అన్నంతో జత కట్టకుండా తన లెక్క తాను చూసుకుంటుంది.

ఇక పనిలోకి దిగుదాం.

ఎప్పుడు తినాలి అన్నదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు. భోజనానికి పది నిమిషాల ముందు అని గోడ మీద రాసుకుంటే ఏ ఇంట్లోనూ జరగదు. కుక్కరును నమ్ముకోండి. విజిళ్ళు వచ్చి స్టవ్ కట్టేశాక ఆవిరి దిగడానికి ఎటూ పది నిమిషాలు పడుతుంది. మూత రాదు, అన్నం వడ్డించడానికి ఎవరివల్లా కాదు. స్టవ్ కట్టేసిన శబ్దం వినబడగానే అందరూ వచ్చి కూర్చోవాలన్నది ఇంటి నియమంగా పెట్టుకోండి. ఆవిరి దిగేదాకా గిన్నె ఖాళీ చేయాలి. సంగటి వండే ఇళ్ళలో పిండి పోసి మూత పెట్టినప్పుడు మొదలుపెట్టండి. కెలికి ముద్ద చేసి తెచ్చాక సంగటిని చల్లారబెట్టడం పాపం, అప్పుడు ఎవరినీ ఆపకూడదు.

ఎంత తినాలి? మనిషికి ఒక మాదిరి కీరకాయ, లేదా రెండు క్యారెట్లు, తూకంలో నూటయాభై గ్రాములకు అటూ ఇటూ. ఇంతవరకూ పచ్చిది ముట్టనివాళ్ళు మొదటి వారం ఇందులో సగంతో మొదలుపెట్టండి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపు ఉబ్బుతుంది, ఆ ఉబ్బరం చూసి మొత్తం పద్ధతికే దండం పెట్టేస్తారు. నీళ్ళు కూడా కాస్త ఎక్కువ తాగాలి.

ఏం తినాలన్నది కాలాన్ని బట్టి, సంతను బట్టి. మామిడి రోజుల్లో తోతాపురి కంటే మంచిది లేదు. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ అని మనవాళ్ళకు చిన్నచూపు గానీ, పచ్చిగా తినడానికి అంత కరకరలాడేది, పళ్ళు జివ్వుమననిది ఇంకోటి చూపించండి. బారుగా చీల్చి కీరతో కలిపితే నిమ్మకాయ కూడా అక్కర్లేదు. చలికాలంలో పలమనేరు, వి.కోట వైపు నుంచి దిగే క్యారెట్టు, బీట్‌రూటు, నూల్‌కోలు, లేత ముల్లంగి ఉన్నాయి. నూల్‌కోలును సాంబారులో ఉడకబెట్టి నీరసపరుస్తాం గానీ, తోలు మందంగా చెక్కేసి సన్నటి ముక్కలు కోసి తింటే తీపి తగులుతుంది. ముల్లంగి ఘాటు పడనివాళ్ళు తురిమి పెరుగులో కలుపుకోండి. ఏమీ దొరకని రోజున మొలకెత్తిన పెసలు, ఎర్రగడ్డ, టమాటా ఎటూ ఉంటాయి. బంగాళాదుంప, వంకాయ, చేమ, కంద, చిక్కుడు గింజల జోలికి మాత్రం పచ్చిగా పోకండి. కొన్ని గొంతు దురద పెడతాయి, కొన్ని కడుపులో చిచ్చు పెడతాయి.

ఉప్పు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే గిన్నె తినబుద్ధవుతుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. తరిగిన కీర మీద ఉప్పు చల్లి గమనించండి. రెండు నిమిషాలకు ముక్కల మీద చెమట పట్టినట్టు నీటిబొట్లు వస్తాయి. ఇంకాసేపటికి గిన్నె అడుగున నీళ్ళు నిలుస్తాయి, ముక్క మెత్తబడి తోలు తోలుగా అవుతుంది. పెళ్ళిలో ఆకు మూలన నీరు కారే కోసంబరి కథ ఇదే, పొద్దున తొమ్మిదికి ఉప్పు కలిపి పన్నెండున్నరకు వడ్డిస్తారు. తరగడం గంట ముందు తరుక్కోండి, పోపు పెట్టి చల్లార్చుకోండి, నిమ్మరసం కూడా పిండుకోండి. ఉప్పు మాత్రం కూర్చున్నాకే. ఇట్లా వేస్తే తక్కువ ఉప్పుకే నాలుకకు తెలుస్తుంది, బీపీ ఉన్నవాళ్ళకు అదొక లాభం.

ప్రొవాన్సువాళ్ళు ముంచుకునే ముద్దకు మన దగ్గర సాటి వచ్చేది శెనక్కాయల ఊరుబిండి. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, చింతపండు వేసి నూరిన ఊరుబిండి రెండు చెంచాలు తీసుకుని పుల్లగా లేని పెరుగులో కలపండి. క్యారెట్టు, కీర, ముల్లంగి వేలెడు పొడుగున నిలువు ముక్కలు కోసి గిన్నె చుట్టూ నిలబెట్టండి. కోసంబరి వద్దని మొహం తిప్పుకునే పిల్లలు దీన్ని వద్దనరు, ముంచుకోవడం వాళ్ళకొక ఆట. కొవ్వు కొంచెం, మాంసకృత్తులు కొంచెం వాటంతట అవే వచ్చాయి. గిన్నె మీద గిన్నె ఊరుబిండి లాగించకుండా మాత్రం చూసుకోండి, రోల్స్ గారి 17 శాతం ఇక్కడే కాచుకుని ఉంటుంది.

కడగడం గురించి కాస్త కఠినంగానే మాట్లాడాలి. వండేదానికి మంట కాపలా ఉంటుంది, పచ్చిదానికి మన చెయ్యే కాపలా. మట్టి అంటిన కూరగాయల మీద బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు, అవి కడుపులోకి పోతే మెదడు దాకా వెళ్ళి మూర్ఛలు తెప్పించే జబ్బుకు దారితీస్తాయి. క్యాబేజీకి చెడ్డపేరు వచ్చింది దీనివల్లే. తొట్టిలో ముంచి తీయడం కడగడం కాదు. కొళాయి కిందో, చెంబుతో పోసుకుంటూనో పారే నీళ్ళలో చేత్తో రుద్ది కడగాలి. క్యారెట్టు, ముల్లంగి, బీట్‌రూటు, నూల్‌కోలు కడిగి, తోలు తీసి, మళ్ళీ కడగాలి. క్యాబేజీ అయితే పై ఆకులు పారేసి లోపలి ఆకులు ఒక్కొక్కటిగా విప్పి కడగాలి. అంత ఓపిక లేనిరోజున క్యాబేజీ వండుకోవడం మేలు. పచ్చి కొత్తిమీరకూ ఇదే నియమం. చివరిసారి కడిగే నీళ్ళు తాగే నీళ్ళయి ఉండాలి. కత్తి, పీట మాంసం కోసినవి కాకూడదు. మన ఎండలకు తరిగిన ముక్కలు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. బస్టాండులో తడిగుడ్డ కప్పి అమ్మే కోసిన ముక్కలు చూడటానికి చల్లగా ఉంటాయి, కొనకండి. కాయ మొత్తంగా కొని ఇంటికి తెచ్చుకోండి. కడుపుతో ఉన్నవాళ్ళు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు తోలు తీయగలిగినవే తినడం మంచిది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు ఏ కూర ఎంతన్నది డాక్టరునే అడగాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఇది ఎవరు కోస్తారు?

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఎక్కువగా తినేవాళ్ళను ఉద్దేశించి రాస్తారు, కోసేవాళ్ళు వాటిలో కనబడరు. ఇంట్లో మగాయన ఒక పుస్తకం చదివి రేపటి నుంచి నాకు ముందు సలాడ్ కావాలంటాడు. పుస్తకం పక్కన పెట్టి పేపరు తీసుకుంటాడు. కత్తిపీట దగ్గర కూర్చునేది ఇల్లాలు. టిఫిను, క్యారేజీలు, వంట అయ్యాక పావుగంట పని అదనం. నెల తిరక్కుండానే ఆ అలవాటు ఎందుకు పోయిందని ఆశ్చర్యపోతాడు. పోక ఏమవుతుంది?

పెద్దవాళ్ళున్న ఇంట్లో మాటలు ఇట్లా నడుస్తాయి.

"మామా, కుక్కరు ఇప్పుడే దించినా. అందాకా ఈ గిన్నె ఖాళీ చేయండి."

"ఏందమ్మా ఇది, మేకకు ఏసినట్టు పచ్చి ముక్కలు?"

"మేకకు షుగరు లేదు గదా మామా."

"పళ్ళు యాడుండాయి నాకు నమిలేదానికి?"

చివరి ప్రశ్నకు జవాబు ఉంది, తురుముపీట. పళ్ళు లేని నోటికి తురిమిన క్యారెట్టు, తురిమిన కీర పెరుగుతో కలిపి ఇవ్వొచ్చు, ఫ్రెంచి బడిపిల్లలు తినేది కూడా తురుమే. కానీ ఆ తురిమే పని పెద్దాయనకే ఒప్పజెప్పడం ఇంకా మంచిది. పొద్దున పదకొండుకు వరండాలో కూర్చుని తురుముపీట మీద రెండు క్యారెట్లు తురమడానికి ఏ వయసూ అడ్డు రాదు. తాను తురిమినదాన్ని మేకమేత అని ఎవరూ అనరు. పిల్లలకు కీర తోలు తీసే పని ఇవ్వండి. కొత్తగా కొనాల్సిన వస్తువు ఏదైనా ఉందంటే తోలుతీసే పీలరు ఒక్కటే, వంకర కత్తితో పిల్లల వేళ్ళు తెగకుండా.

రెండో సంగతి, వడ్డించే ఆమె వంతు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అందరికీ పెట్టి ఆఖరున తింటారు. అప్పటికి గిన్నెలో ముక్కలుండవు, మిగిలిన అన్నం మాత్రం పారేయబుద్ధి కాక ఇంకో గరిటె పడుతుంది. ఇంట్లో రక్తం తక్కువున్నదీ, నలభై దాటాక షుగరు మొదలైందీ చాలాసార్లు ఆమెకే. ఆవిరి దిగే పది నిమిషాల్లో ఆమెకూ పొయ్యి దగ్గర పనిలేదు. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో గిన్నె పంచకండి. ఒకే వెడల్పాటి పళ్ళెం మధ్యలో పెట్టి అందరూ చుట్టూ కూర్చోండి, ఆమెతో సహా. అందరి చేతులూ అందులోనే. "నేను తర్వాత తింటాలే" అంటే కుక్కరు మూత తీయనివ్వకండి.

ఇంట్లో ఈ వరుస కుదిరాక చిన్నచిన్న ఫంక్షన్లలోనూ ప్రయత్నించవచ్చు. సీమంతమో, నామకరణమో పెట్టుకున్నప్పుడు వంటమనిషికి అడ్వాన్సు ఇచ్చేరోజే చెప్పండి, పొయ్యి వెలిగించాక చెబితే ఆయన వినడు. కోసంబరి ఆకు మీద చెంచాడు కాకుండా దొన్నెలో నిండుగా, తీపి, వడ కంటే ముందు రావాలని చెప్పండి. దొన్నెలో పెడితే పులుసు వచ్చి కలవదు, తినేవాళ్ళు వదిలిపెట్టరు. పదిహేను మంది పంక్తికి పెసరపప్పు పావుకిలో, ముప్పావుగంట నానితే చాలు, అంతకు మించి నానితే పిండి పిండిగా అవుతుంది. కీరకాయలు కిలో, గింజ ముదిరినవి ఏరేయాలి. టెంకాయ సగం, నిమ్మకాయలు మూడు, పచ్చిమిరపకాయలు నాలుగు, పోపుకు శెనక్కాయ నూనె రెండు చెంచాలు, ఆవాలు, ఇంగువ, కడిగిన కొత్తిమీర. మామిడి కాలమైతే నిమ్మకాయలు మానేసి ఒక తోతాపురి తురమమనండి. ఉప్పు మాత్రం పంక్తి కూర్చున్నాక కలపమనండి.